బంగారు కాయల జడ

మొన్న విశాఖ నుంచి శ్రీకాకుళంలో ఉన్న మా అప్ప ఇంటికి వెళ్తుంటే హైవే మీద అరగంట ఆగిపోయాం. మా వైపు అక్కని అప్ప అంటాం. రోడ్డు మధ్యన ఏపుగా పెరిగిన గన్నేరు చెట్లను పనివాళ్ళు కత్తిరిస్తున్నారు. ఒక వరస మూసేశారు. లారీలన్నీ మా వెనక చేరి ఒకటే హారన్లు. కారు నడుపుతున్న మా మనవరాలు విసుక్కుంటోంది గాని నాకేం తొందర లేదు, డెబ్బై దాటాక ఎక్కడ ఆగినా ఒకటే. కిటికీ అద్దం దించుకుని కూర్చున్నాను. కత్తిరించిన రెమ్మ ఒకటి ఎగిరొచ్చి సరిగ్గా నా ఒళ్ళో పడింది. తీసి బయట పారేద్దామని పట్టుకుంటే ఆకు అడుగున వేలి కొసంత ఉన్నదేదో తళుక్కుమంది. తిప్పి చూశాను. బంగారం. పూత కాదు, రంగు కాదు, నా ముఖం అందులో కనపడేంత నునుపైన బంగారం. నేను కేక పెట్టానట. పెట్టినట్టు నాకు గుర్తులేదు. మనవరాలు మాత్రం పామేమో అనుకుని బ్రేకు తొక్కింది, ఆగి ఉన్న కారుకి.

పాము కాదని తేలాక దానికి ధైర్యం వచ్చి, ఫోనుతో ఫోటో తీసి, అందులోనే ఏదో వెతికి, ఇది సీతాకోకచిలుక గూడు అమ్మమ్మా అంది. దాని పేరు కామన్ క్రో అట, అంటే మామూలు కాకి. ఇంత బంగారు గూట్లోంచి వచ్చేదానికి కాకి అని పేరు పెట్టినవాడెవడో అని అది నవ్వుతోంది. నాకు నవ్వు రాలేదు. దాని ఇంగ్లీషు పేరు నాకు ఆ రోజే తెలిసింది గాని, దానితో పరిచయం మాత్రం యాభై ఏళ్ళ పైమాట. మా ఇంట్లో వాటిని బంగారు కాయలు అంటారు. ఏ పెళ్ళిలో నలుగురం కూడినా వాటి కథ చెప్పుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంటాం. ఆ కథలో ఒక ముక్క మాత్రం వాళ్ళెవరికీ తెలియదు.

కథ మా మేనత్తది. నాన్నకి అక్క. మా ఊరు గజపతినగరానికి రెండు కోసుల దూరం. పెళ్ళయిన మూడో ఏడు మావ జ్వరం వచ్చి పోతే అత్త ఒక ట్రంకుపెట్టెతో పుట్టింటికి తిరిగొచ్చింది. అప్పటికి నేను పుట్టనే లేదు. నాకు ఊహ తెలిసేసరికి ఆవిడ మా ఇంటికి దూలం. ఎప్పటినుంచి ఉందో ఎవరూ అడగరు, లేకపోతే ఇల్లు నిలవదు. మాట కరుకు. నేను కంచంలో అన్నం వదిలేస్తే "ఆ మెతుకులు నీకేటి సేసినాయే" అనేది. చేతులు మాత్రం వేరే మనిషివి. పూలజడ కుట్టడంలో ఆవిడంత మనిషి చుట్టుపక్కల పది ఊళ్ళలో లేదు. అరటి డొప్పను జడ పొడవునా కోసి, లోపలి పక్క గీకి పలచన చేసి, దాని మీద మొగ్గ పక్కన మొగ్గ పేర్చి సూదితో కుట్టుకుంటూ పోయేది. ఒక్క దారప్పోగు పైకి కనపడేది కాదు. పెళ్ళికూతురు రోజంతా వంగినా లేచినా ఒక్క మొగ్గ రాలేది కాదు. మధ్యమధ్య సూది కొస నాలికకి తాకించుకునేది. ఎందుకని అడిగితే సూదికి దాహం వేస్తాది అనేది.

అయితే అత్త భర్త పోయిన మనిషి. పెళ్ళికూతురి జడ మీద ఆవిడ చెయ్యి పడకూడదు. అలాగని ఆవిడ కుట్టిన జడ లేకుండా పెళ్ళి చెయ్యడానికి ఎవరికీ మనసొప్పదు. అందుకని ఊరంతా కలిసి ఒక ఏర్పాటు చేసుకుంది. ఎవరూ నోటితో అనలేదు గాని అందరికీ తెలుసు. పువ్వులు మా పెరటి గుమ్మంలోంచి లోపలికి వచ్చేవి. జడ తయారయ్యాక అమ్మ దాన్ని తడిగుడ్డలో చుట్టి వీధి గుమ్మంలోంచి పట్టుకెళ్ళేది. అక్కడ ఎవరైనా మర్యాదకి, జడ ఎవరు కుట్టారమ్మా అని అడిగితే, అమ్మ "మేమే" అనేది. ఇంక రెండో ప్రశ్న ఉండేది కాదు. ఆ మేములో అత్త ఉండేది, కాని కనపడేది కాదు. అన్ని జడలు కుట్టినా, పెళ్ళికూతురి వీపు మీద ఉండగా ఒక్క జడనూ ఆవిడ చూడలేదు. చిన్నప్పుడు ఆ సంగతి నాకు వింతగా కూడా తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

అప్ప పెళ్ళి అరవైల చివర్లో ఒక శ్రావణంలో కుదిరింది. బావ కొత్తవలసలో రైల్వే ఉద్యోగంలో కొత్తగా చేరాడు, ఆయనకి సెలవు ఎప్పుడు దొరికితే అప్పుడే ముహూర్తం. వాళ్ళది శ్రీముఖలింగం పక్కన, వంశధార ఒడ్డున ఉన్న పల్లె. మా వాళ్ళలో అప్పట్లో పెళ్ళి మగపెళ్ళివారింట్లోనే జరిగేది, ఆడపెళ్ళివారమే సామానంతా కట్టుకుని వెళ్ళాలి. బస్సు మాట్లాడబోయే ముందు అప్ప పేచీ పెట్టింది. అత్త రాకపోతే తను బస్సెక్కనంది. తనను పెంచింది అత్తే, తన జడనైనా అత్త కళ్ళారా చూడాలంది. రెండు రోజులు ఇంట్లో ఒకరితో ఒకరికి మాటల్లేవు. చివరికి నాన్న దిగొచ్చాడు. వంటల వైపు గుంజ పక్కన కూర్చోవచ్చు, పందిట్లోకి మాత్రం రాకూడదు, అదీ ఒప్పందం. మర్నాడు అత్త ట్రంకుపెట్టెలోంచి తన మంచి చీర తీసి ఎండలో ఆరేసింది. ఆవిడకి అంత ఆశ ఉందని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు.

శ్రావణంలో మల్లెలెక్కడివి? జాజులు, కనకాంబరాలు, మరువం దొరుకుతాయి. జాజి సుకుమారం, పూట తిరిగేసరికి సోలిపోతుంది. పైగా వియ్యపురాలు కబురు పంపింది, వాళ్ళ పెద్దకోడలికి నడుం దిగేదాకా మల్లెజడ వేశారని. వియ్యాలవారి మాటలు అలాగే ఉంటాయి, కాని అత్త దాన్ని మనసుకి తీసుకుంది. "ఒట్టి జాజులతోటి కుడితే జడ బోసిగుంటాదే. మద్దెన మెరిసేదేటైనా ఉండాల" అని నాలుగు రోజులు అదే గొడవ.

మా మామిడితోటకీ గెడ్డకీ మధ్య పొడుగునా గన్నేరు కంచె ఉండేది. గెడ్డంటే కొండల్లోంచి దిగొచ్చే చిన్న ఏరు. గన్నేరు పాలు విషం కనక మేకలు మూతి పెట్టవు, కంచెకి అంతకంటే మంచి చెట్టు లేదు. వానలు పడ్డాక అక్కడంతా నల్ల సీతాకోకచిలుకలే. నలుపంటే మసి నలుపు కాదు, పాత చింతపండు నలుపు, రెక్కల అంచున తెల్ల చుక్కల వరసలు. మిగతా సీతాకోకచిలుకల్లాగా అవి బెదిరి పారిపోవు. తీరిగ్గా ఎగురుతాయి, చెయ్యి చాస్తే కాస్త పక్కకి తప్పుకుని మళ్ళీ అదే దారిన పోతాయి. పక్షులు కూడా వాటి జోలికి రావు. ఆ విషపు ఆకే తిని పెరుగుతాయి కనక వాటి ఒళ్ళూ విషమేనని, అందుకే అంత నిర్భయమని చాలా ఏళ్ళ తర్వాత ఎక్కడో చదివాను. ఎండ మండేవేళ కంచె అడుగు నీడలో ఎండుకొమ్మలకి వందలుగా వేలాడుతుండేవి. చూస్తే ఎండుటాకులనే అనుకుంటాం. దగ్గరికెళ్ళి ఒక్కసారి దగ్గితే ఆకులన్నీ లేచి ఎగిరిపోయేవి. చిన్నప్పుడు అప్పా నేనూ అక్కడికి దగ్గడానికే వెళ్ళేవాళ్ళం.

బస్సెక్కే రోజు తెల్లవారుతూనే పూజకి పువ్వులు తెమ్మని అమ్మ నన్ను అక్కడికి పంపింది. నాకు పదహారు నిండాయి. పెద్ద పరీక్ష రాసినదాన్నన్న పొగరు ఉంది. పువ్వు కోసం కొమ్మ వంచితే ఆకుల అడుగున బంగారు కాయలు. ఒకటి కాదు రెండు కాదు, కంచె పొడవునా చూసినకొద్దీ ఉన్నాయి. పుట్టినప్పటినుంచి తిరుగుతున్న చోట ఇన్నాళ్ళూ ఇవి ఎలా కనపడలేదో అర్థం కాలేదు. కాడతో సహా ఒక్కొక్కటే తుంచి ఓణీ కొంగులో వేసుకున్నాను, ముప్పై దాకా.

నేను ఇన్నాళ్ళూ దాచిన ముక్క ఇక్కడ ఉంది. చివరి కొమ్మకి ఒక ఖాళీ డొల్ల వేలాడుతోంది, ఉల్లిపొరంత పలచగా. దాన్నే పట్టుకుని ఒక నల్ల సీతాకోకచిలుక రెక్కలు ఆరబెట్టుకుంటోంది. సైన్సు పరీక్షలో ఆ బొమ్మే వేసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. కొంగులో ఉన్నవి కాయలు కావని నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. తెలిసీ కొంగు దులపలేదు. రేపటికి పెళ్ళి అయిపోతుంది, అప్పటిదాకా ఇలాగే ఉంటాయిలే అనుకున్నాను. అత్త జడ బోసిపోకూడదు, వియ్యపురాలి నోరు మూతపడాలి, అది నా వల్ల జరగాలి. ఇంటికొచ్చి అత్త ముందు కొంగు విప్పాను. "ఏ సెట్టు కాయలే ఇవి?" అంది. గన్నేరు కాయలన్నాను. అత్త ఒకటి తీసి వెలుతురుకి పట్టి చూసింది. తర్వాత నన్ను కింద నుంచి పై దాకా చూసింది. ఇంకేమీ అడగలేదు, తడిగుడ్డ తెమ్మంది.

మధ్యాహ్నానికి విడిది చేరాం. వెనక గదిలో అత్త తలుపు వేసుకుని కూర్చుంది. నేను పువ్వులు అందిస్తున్నాను. అంచుల్లో జాజులు, లోపల మరువం, కనకాంబరాల గీతలు, నడుమన పై నుంచి కింద దాకా బంగారు వరస. ఒక్కొక్క దాని కాడకే దారం వేసింది, దాని ఒంటికి సూది తగలనివ్వలేదు. కుట్టడం అయ్యాక తలుపు తీసి, జడను ఎత్తి పట్టుకుంటే అందరం నోళ్ళు తెరిచాం. అమ్మ కళ్ళు తుడుచుకుంది. అత్త మాత్రం జడను తిరగేసి వెనక కుట్లు చూసుకుంటోంది.

మర్నాడు ఎనిమిదింటికి తడిగుడ్డ విప్పేసరికి సగం బంగారం నల్లబడి ఉంది. తెలిసినవాళ్ళు చూస్తే పైపొర లోపల ముడుచుకున్న రెక్కల మీది తెల్ల చుక్కలు కూడా కనపడుతున్నాయి. అమ్మ గాభరా పడిపోయింది. "సల్లగాలికి నిగ్గు దిగినాది, మరేటి నేదు" అంది అత్త. గబగబా నల్లవాటి మీదికి కనకాంబరాలు అడ్డంగా కుట్టింది. ఆ తొందరలో సూది కొస ఒక్కసారి కూడా నాలికకి తాకించుకోలేదు. ఇప్పుడు చెప్పెయ్యాలి అనుకున్నాను. ఇంతలో బయట సన్నాయి మొదలైంది, పెళ్ళికూతుర్ని తెమ్మని కేకలు. ఆ సందట్లో నోరు మూసుకున్నాను.

పందిట్లో అప్ప వంటల వైపుకి వీపు పెట్టి కూర్చుంది. అత్త గుంజ పక్కన, సరిగ్గా జడ కనపడేచోట. ఎండేసిన మంచి చీర కట్టుకుంది. ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఎవరూ లేనట్టు ఆ జడ వైపే చూస్తోంది. నేను అప్ప వెనకే నిలబడ్డాను. అప్పకీ పెళ్ళికొడుక్కీ మధ్య తెరసెల్ల పట్టారు, జీలకర్రా బెల్లం చేతికిచ్చారు. అప్పుడు జడ కదిలింది. అప్ప కదలలేదు, జడ కదిలింది. నడుం దగ్గర ఒక నల్ల కాయ నెర్రె విచ్చి, అందులోంచి తడిసిన గుడ్డపీలికలాంటిది బయటికి వేలాడింది. కాళ్ళు చాపి కనకాంబరాన్ని పట్టుకుని పైకి పాకడం మొదలుపెట్టింది. దాని పైన ఇంకొకటి. మెడ దగ్గర ఇంకొకటి. అలా పుట్టిన సీతాకోకచిలుక రెక్కలు విచ్చుకోకముందు ఎర్రమట్టి నీళ్ళలాంటి చుక్కలు విడుస్తుందని మా సైన్సు పుస్తకంలో లేదు. పసుపు ముంచిన తెల్లచీర మీద ఆ చుక్కలు పడ్డాయి, ఒకటి, రెండు, నాలుగు.

రక్తం అని ఎవరో అన్నారు. ఆ ఒక్క మాటతో పందిరంతా లేచి నిలబడింది. సన్నాయి ఆగిపోయింది, పంతులుగారు మంత్రం మధ్యలో ఆపేశారు. ఒకావిడ విసనకర్రతో జడను కొట్టబోయింది, ఇంకొకావిడ ఆపింది. వియ్యపురాలు వచ్చి జడ దగ్గరగా చూసి, తెల్లబోయి, తేరుకుని, మా అమ్మ వైపు తిరిగింది. "ఈ జడ కుట్టినదెవులు?" అంది.

అమ్మ అలవాటుగా "మేమే" అంది.

"మేమంటే ఎవులు?"

ఆ రెండో ప్రశ్న మా అమ్మను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న నేల చూస్తున్నాడు. ఆ మేములో నేనూ ఉన్నాను. తెచ్చింది నేనని, తెలిసే తెచ్చానని అనడానికి అదే సమయం. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. అప్పుడు వంటల వైపు నుంచి అత్త లేచి వచ్చింది. రావద్దన్న పందిట్లోకి, అందరి మధ్యనుంచి నడిచి వచ్చి అప్ప వెనక నిలబడింది. "నానే కుట్టినాను. గన్నేరు కాయలనుకుని కుట్టీసినాను. ఈలకేటీ తెల్దు, తెలివి తక్కువది నాను" అంది.

పెళ్ళిపీటల దగ్గర ఆవిడ నిలబడటం చూసి వాళ్ళు, ఆవిడ మాట విని మేము కొయ్యబారిపోయాం. మమ్మల్నందరినీ బయటపడేసింది మా బావ. ఆయన రైల్వే మనిషి, టైము తప్ప ఇంకొకటి పట్టదు. "తాళి ఇలగియ్యండి, ముహూర్తం దాటిపోతన్నాది. సీతాకోకచిలకలకి బయపడతామేటి" అన్నాడు. పంతులుగారు అందుకున్నారు, సన్నాయి అందుకుంది. జడ నిండా తడి రెక్కలు ఆరుతుండగానే తాళి కట్టేశాడు. అంతసేపూ అప్ప మెడ తిప్పలేదు. కదిలితే అత్త కుట్టిన జడ చెదిరిపోతుందని బిగబట్టుకుని కూర్చున్నానని తర్వాత చెప్పింది.

తలంబ్రాల వేళకి రెక్కలు ఆరాయి. ఒక్కొక్కటే లేచి, తీరిగ్గా, పందిరి ఆకుల్లోకి ఎగిరిపోయాయి. లక్ష్మీదేవే దిగొచ్చిందని కొందరు, పీడ పోయిందని కొందరు అన్నారు. అత్త అది చూడలేదు. ఆవిడను అప్పటికే బండెక్కించారు, భోజనం కూడా పెట్టకుండా. పందిరి పక్కనుంచి బండి కదలడం నాకు కనపడింది. నేను పంక్తిలో కూర్చుని బూరి కొరుకుతున్నాను. ఆ బూరి రుచి ఇప్పటికీ నోట్లో ఉంది.

అత్తను ఆ తర్వాత ఎవరూ తిట్టలేదు. అంతకంటే పెద్దదే జరిగింది. నలుగురి ముందూ నానే అన్నాక ఇంక మా అమ్మ "మేమే" అనడానికి వీల్లేకపోయింది. జడ ఎవరు కుట్టారో అందరికీ తెలుసన్న సంగతి అందరికీ తెలిసిపోయింది. పెరటి గుమ్మంలోకి పువ్వులు రావడం ఆగిపోయింది. రెండేళ్ళకి నా పెళ్ళయితే జడ గజపతినగరం బజార్లో కొన్నారు. అత్త గుమ్మం పక్కన కూర్చుని దాన్ని ఒక్కసారి ముట్టుకుని చూసి, కుట్లు దూరమని మాత్రం అంది. ఇంట్లో మాత్రం కథ పుట్టింది. గన్నేరు కాయ చిక్కుడుకాయలా పొడుగ్గా ఉంటుందని పసిపిల్లలకి కూడా తెలుసే, అత్తకి తెలియలేదని. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వాను.

నా మొదటి కాన్పుకి పుట్టింటికి వచ్చినప్పుడు ఒక మధ్యాహ్నం పెరట్లో అత్త, నేనే ఉన్నాం. నా పాపకి జుట్టు లేదని అత్త వేళాకోళం ఆడుతోంది. ఎందుకో నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అత్తా, అవి కాయలు కావని నాకు ఆ రోజే తెలుసు అన్నాను.

"నాకు తెల్దనుకున్నావేటే" అంది అత్త. "గన్నేరు కంచి పక్కన పుట్టినదాన్ని. నీ ఓణీకి కాళీ డొల్లొకటి అంటుకుని ఉన్నాది ఆ దినం."

మరి ఎందుకు కుట్టావని అడిగాను. ఎల్లుండి దాకా ఇప్పుకోవనుకుందట. ఆశ, ఇంకేటి అంది. మరి పందిట్లో తెలియదని ఎందుకు అన్నావని అడిగాను.

"తెలిసీ కుట్టినానంటే, నువ్వు తెలిసీ కోసినావని రాదేటి. నాకు పోయేదేటున్నాది, పెళ్ళి కావలసినదానివి నువ్వు." తర్వాత పాప తల నిమురుతూ అంది. "ఎన్ని జడలు కుట్టినానో. పెళ్ళిపీట మీద సూసినది అదొక్కటే."

అత్త పోయి చాలా కాలమైంది. ఆ మాటలు నేను ఎవరికీ చెప్పలేదు. కథ మాత్రం అందరితో కలిసి చెప్పుకుంటూ వచ్చాను. మొన్న కారులో ఆ రెమ్మను పారేయలేకపోయాను. మనవరాలి మంచినీళ్ళ సీసాలో పెట్టించి అప్ప ఇంటికి తీసుకెళ్ళాను. అప్పకి ఎనభై దగ్గర పడుతోంది. ఆ బంగారాన్ని చూడగానే నవ్వు మొదలుపెట్టింది, అత్త గన్నేరు కాయలు అని. ఆ నవ్వు మధ్యలోనే మొత్తం చెప్పేశాను, ఖాళీ డొల్ల దగ్గర్నుంచి పెరట్లో మాటల దాకా. అప్ప నవ్వు ఆగిపోయింది. చెయ్యి వెనక్కి పోయి, తెల్లబడి వేలంత మిగిలిన తన జడను తడుముకుంది.

"ఇన్నేళ్ళూ అత్తని సూసి నవ్వినామే" అంది.

మర్నాడు పొద్దున చూస్తే సీసాలోని బంగారం నల్లబడి ఉంది. బంగారం నల్లబడటానికి ఒక్క పూట చాలు, నాకు నోరు తెరవడానికి యాభై ఏళ్ళు దాటింది.